కథోలిక విశ్వాసం, పూజ, దివ్యసంస్కారాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆర్‌సీఎం అంటే వేరే మతమా?

కాదు. మన ఊళ్ళలో ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్ మిషన్) అని పిలిచే రోమన్ కథోలిక శ్రీసభ క్రైస్తవంలో అతి పెద్ద శాఖ. దేవుడు ఒక్కడే, ఆ ఒక్క దేవుడిలో పిత, పుత్ర, పవిత్రాత్మ అనే ముగ్గురు వ్యక్తులున్నారు. పుత్రుడైన యేసు మరియ గర్భాన మనిషిగా పుట్టి, సిలువ మీద చనిపోయి, మూడోనాడు లేచాడు. 325లో నైసియాలో, 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన సభలు ఈ నమ్మకాన్ని విశ్వాస ప్రమాణంగా కూర్చాయి. లూథరన్లు, సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వారు కూడా దీన్ని ఒప్పుకుంటారు. తేడాలు ఇతర విషయాల్లో ఉన్నాయి: పోపుకూ ఆయనతో ఏకమైన పీఠాధిపతులకూ (బిషప్పులకు) ఉన్న బోధనాధికారం, ఏడు దివ్యసంస్కారాలు, పునీతుల (సెయింట్ల) వేడుకోలు, చనిపోయినవారి కోసం ప్రార్థన. అన్నిటికంటే ముఖ్యమైనది, పూజలో (గుడిలో గురువు జరిపే ప్రధాన ఆరాధనలో) అప్పం, ద్రాక్షారసం నిజంగా క్రీస్తు శరీరరక్తాలవుతాయన్న నమ్మకం.

మెదక్ చర్చిని చాలామంది కథోలిక గుడి అనుకుంటారు. 1924 డిసెంబరు 25న ప్రారంభమైన ఆ మహా దేవాలయం సీఎస్‌ఐ వారిది.

కథోలికుల్లో కూడా రకాలున్నాయంటారు, నిజమేనా?

ఒకే పోపు కింద 24 శ్రీసభలున్నాయి: ఒకటి లతీను, మిగతా 23 తూర్పు సంప్రదాయాలవి. తెలుగు కథోలికుల్లో అత్యధికులు లతీను సంప్రదాయంవారు. ఆదిలాబాద్ మేత్రాసనం (ఒక పీఠాధిపతి కింద ఉండే ప్రాంతం) మాత్రం సీరో-మలబారు శ్రీసభది. పూజ జరిగే తీరు, పండుగల వరస కొంత మారతాయి, విశ్వాసం ఒక్కటే. ఒకరి గుడిలో మరొకరు దివ్యసత్ప్రసాదం (పూజలో పంచే క్రీస్తు శరీరరక్తాలు) తీసుకోవచ్చు.

కథోలిక బైబిలులో పుస్తకాలు ఎక్కువ ఎందుకు?

పాత నిబంధనలో 46, కొత్త నిబంధనలో 27, మొత్తం 73. ప్రొటెస్టెంట్ బైబిలులో 66. ఆ ఏడు ఇవి: తోబీతు, యూదితు, సొలోమోను జ్ఞానగ్రంథం, సీరాపుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం, బారూకు, మక్కబీయుల గ్రంథాలు రెండు. ఎస్తేరు, దానియేలు గ్రంథాల్లో కొన్ని భాగాలు కూడా అదనంగా ఉంటాయి. తొలి క్రైస్తవులు ఎక్కువగా చదివిన గ్రీకు పాత నిబంధనలో ఇవన్నీ ఉన్నాయి. యూదుల హెబ్రీ పట్టికలో లేవు కాబట్టి 16వ శతాబ్దపు సంస్కర్తలు వీటిని పక్కన పెట్టారు. ట్రెంట్ మహాసభ 1546లో 73 పుస్తకాల పట్టికను ఖరారు చేసింది. బైబిలు కొనేటప్పుడు విషయసూచికలో తోబీతు ఉందో లేదో చూడండి, చాలు.

మరియమాతను పూజిస్తారా? విగ్రహాలెందుకు?

ఆరాధన దేవుడికి మాత్రమే. పునీతులకు ఇచ్చేది గౌరవం, మరియమాతకు ఇచ్చేది అంతకంటే పెద్ద గౌరవం. మంగళవార్త జపం చివరి భాగం వింటే విషయం తేటపడుతుంది: "మా కొరకు ప్రార్థించండి" అని ఆమెను అడుగుతారు. బతికున్న స్నేహితుణ్ణి మన కోసం ప్రార్థించమని అడిగినట్టే, దేవుని సన్నిధిలో ఉన్నవారిని అడగడం ఇది. విగ్రహం ఆ వ్యక్తిని తలపుకు తెస్తుంది. అందులో శక్తి ఉందని నమ్మితే తప్పు. ఈ తేడాను పెద్దలే పిల్లలకు చెప్పాలి. గుడిలో కొబ్బరికాయ కొట్టి, మొక్కు తీర్చుకుని, పూజకు మాత్రం నిలబడకుండా వెళ్ళిపోయేవారి దగ్గర ఈ తేడా చెరిగిపోతోంది.

మరియమాత గురించి శ్రీసభ ఖాయం చేసిన విశ్వాస సత్యాలు నాలుగు. ఆమె దేవుని తల్లి (431లో ఎఫెసు సభ); నిత్యకన్య; జన్మపాపం లేకుండా ఉద్భవించింది (1854); ఆత్మశరీరాలతో మోక్షానికి చేర్చబడింది (1950). ఈ చివరిది మనకు ఆగస్టు 15 పండుగ.

జపమాలలో 59 పూసలుంటాయి: 53 మంగళవార్త జపాలకు, 6 పరలోక జపాలకు. జపిస్తూ తలుచుకునే యేసు, మరియల జీవిత ఘట్టాలను రహస్యాలంటారు: సోమ, శనివారాలు సంతోష రహస్యాలు, మంగళ, శుక్రవారాలు దుఃఖ రహస్యాలు, బుధ, ఆదివారాలు మహిమ రహస్యాలు, గురువారం వెలుగు రహస్యాలు. వెలుగు రహస్యాలను 2002లో రెండవ జాన్ పాల్ పోపు చేర్చారు. పాత జపపుస్తకాల్లో అవి కనబడకపోవడానికి కారణం అదే.

పూజలో ఏం జరుగుతుంది? మొదటిసారి వెళ్తే ఎలా మెలగాలి?

ఆదివారం పూజ సుమారు గంట. సిలువ గుర్తుతో మొదలై, పాపాలకు పశ్చాత్తాపం చెప్పుకున్నాక వాక్య భాగం వస్తుంది: మొదటి పఠనం, కీర్తన, రెండవ పఠనం, సువిశేషం (యేసు జీవితం చెప్పే నాలుగు గ్రంథాల్లో ఒకదాని భాగం), ప్రసంగం. ఆదివారపు పఠనాలు మూడేళ్ళకోసారి తిరిగి వస్తాయి. ప్రధానంగా ఒక ఏడు మత్తయి, ఒక ఏడు మార్కు, ఒక ఏడు లూకా చదువుతారు. యోహాను పాస్కా (ఈస్టర్) కాలంలో ఎక్కువగా వినిపిస్తాడు. విశ్వాస ప్రమాణం, విశ్వాసుల ప్రార్థనలు అయ్యాక అర్పణ. గురువు (ఫాదర్) అప్పద్రాక్షారసాల మీద క్రీస్తు పలికిన మాటలు పలుకుతారు. పూజకు నడిబొడ్డు అదే. తరవాత పరలోక జపం, సమాధాన సూచన, దివ్యసత్ప్రసాద స్వీకారం, ఆశీర్వాదం.

సువిశేషం చదివేటప్పుడు నిలబడతారు, అప్పద్రాక్షారసాల మీద క్రీస్తు మాటలు పలికేటప్పుడు మోకరిస్తారు. మోకాళ్ళు సహకరించనివారు కూర్చోవచ్చు. చాలా ఊళ్ళలో చెప్పులు బయటే వదిలి చాపల మీద కూర్చుంటారు. నేలమీద కూర్చోవడం, చేతులు జోడించి నమస్కరించడం, హారతి ఇవ్వడం వంటి పన్నెండు పద్ధతులకు భారతదేశంలో 1969లోనే రోము (పోపు పాలనా కేంద్రం) అనుమతి దొరికింది. ఆడవారు తలమీద కొంగు కప్పుకోవడం మంచి ఆచారమే, అయితే ఇప్పటి శ్రీసభ చట్టంలో ఆ నియమం లేదు.

కథోలికులు కానివారు పూజకు సంతోషంగా రావచ్చు, పాడవచ్చు, ప్రార్థించవచ్చు. దివ్యసత్ప్రసాదం వరసలో మాత్రం నిలబడకండి. పెళ్ళిళ్ళకు వచ్చిన బంధువులు మర్యాద కోసం లేచి వరసలోకి వస్తారు. ఇంటివారు ముందే నెమ్మదిగా చెప్పి ఉంచితే ఇబ్బంది రాదు.

ఆదివారం బదులు శనివారం సాయంత్రం పూజకు వెళ్తే సరిపోతుందా?

సరిపోతుంది. టీవీలో చూసిన పూజ సరిపోదు. మంచం పట్టినవారికీ, వారిని విడిచి రాలేనివారికీ ఆదివారం పూజకు రావాలన్న బాధ్యతే వర్తించదు. వారికి టీవీ పూజ ఊరట.

దివ్యసత్ప్రసాదం తీసుకోవడానికి నియమాలేమిటి?

కథోలికులై ఉండాలి, చావైన పాపం (తెలిసి, ఇష్టపడి చేసిన పెద్ద పాపం) మనసులో మోస్తూ ఉండకూడదు, తీసుకునే సమయానికి గంట ముందు నుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు. గంట లెక్క పూజ మొదలుకు కాదు, స్వీకారానికి. మంచినీళ్ళు, మందులు పర్వాలేదు; టీ కుదరదు. వృద్ధులకు, రోగులకు, వారిని చూసుకునేవారికి ఈ ఉపవాసం లేదు.

చేతిలో తీసుకుంటే ఎడమ అరచేయి పైన, కుడిచేయి కింద పెట్టి, "ఆమెన్" అని, కుడిచేత్తో తీసుకుని అక్కడికక్కడే నోట వేసుకోవాలి. జేబులో, కొంగులో పెట్టుకుని ఇంట్లో రోగికి పట్టుకెళ్ళడం చాలా పెద్ద పొరపాటు. రోగి ఉన్నారని విచారణ గురువుకు (మీ ప్రాంతపు గుడిని చూసుకునే గురువుకు) చెబితే ఆయనే తెస్తారు, లేదా నియమించిన పరిచారకులను పంపుతారు.

అప్పం కేవలం గోధుమపిండి, నీళ్ళతో, పులియకుండా చేసినదై ఉండాలి. బియ్యప్పిండి, రాగిపిండి అప్పంతో పూజ చెల్లదు. గోధుమ పడనివారికి గ్లూటెన్ బాగా తగ్గించిన అప్పాలున్నాయి, అసలే లేనివి చెల్లవు. అదీ పడకపోతే పాత్రలోని ద్రాక్షారసం మాత్రమే తీసుకోవచ్చు. క్రీస్తు ఏ ఒక్క రూపంలోనైనా సంపూర్ణంగా ఉంటాడు. విషయం పూజకు ముందే గురువుకు చెప్పండి.

ఏడు దివ్యసంస్కారాలు ఏవి? మళ్ళీ మళ్ళీ తీసుకోవచ్చా?

జ్ఞానస్నానం (బాప్తిస్మం), భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), దివ్యసత్ప్రసాదం, పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం), వ్యాధిగ్రస్తుల అభ్యంగనం (రోగులకు తైలం రాయడం), గురుపట్టం (గురువుగా నియమించడం), వివాహం. జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, గురుపట్టం జీవితంలో ఒక్కసారే. అవి ఆత్మమీద చెరగని ముద్ర వేస్తాయి. ప్రతి సంస్కారానికీ ఒక వస్తువో క్రియో, కొన్ని నిర్ణీతమైన మాటలు, ఇచ్చేవారి ఉద్దేశం ఉంటాయి. వీటి విషయంలో శ్రీసభ ఇంత పట్టుదలగా ఉండటానికి కారణం, ఇవి క్రీస్తు చేసే పనులు అన్న నమ్మకం. ఇచ్చేవారు తమ ఇష్టప్రకారం మార్చడానికి లేదు.

బిడ్డకు జ్ఞానస్నానం ఎప్పుడు, ఎలా?

పుట్టిన కొద్ది వారాల్లోనే. కొత్త బట్టలు, భోజనాలు, బంధువుల రాక కోసం ఏడాది ఆపడం మన దగ్గర బాగా పెరిగిన అలవాటు. విందు తరవాతైనా పెట్టుకోవచ్చు. ముందుగా విచారణ కార్యాలయంలో బిడ్డ జనన ధ్రువపత్రం, తల్లిదండ్రుల వివాహ పత్రం ఇవ్వాలి.

జ్ఞాన తండ్రి, జ్ఞాన తల్లి (గాడ్‌ఫాదర్, గాడ్‌మదర్) ఇద్దరైనా ఉండవచ్చు, ఒక్కరైనా చాలు. వారికి 16 ఏళ్ళు నిండాలి, భద్రమైన అభ్యంగనం పొంది ఉండాలి, కథోలిక జీవితం గడుపుతూ ఉండాలి. కన్న తల్లిదండ్రులు కాకూడదు. వేరే సభకు చెందిన క్రైస్తవ బాబాయినో అత్తనో గౌరవించాలనుకుంటే, ఒక కథోలిక జ్ఞాన తల్లి లేదా తండ్రితో పాటు సాక్షిగా నిలబెట్టవచ్చు.

ప్రాణాపాయంలో ఎవరైనా ఇవ్వవచ్చు: నర్సు, తాత, క్రైస్తవేతరులు సైతం, శ్రీసభ ఉద్దేశంతో చేస్తే. మామూలు నీళ్ళు తలమీద మూడుసార్లు పోస్తూ, పోసే వ్యక్తే పేరు పెట్టి పిలిచి "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నేను నీకు జ్ఞానస్నానమిచ్చుచున్నాను" అనాలి. ఎక్కడ చెడుతుందంటే: ఒకరు నీళ్ళు పోసి మరొకరు మాటలు పలికితే చెల్లదు. పాలు, నూనె కుదరవు. నీళ్ళు చర్మం మీద పారాలి. తడివేలితో నుదుట గుర్తు పెడితే సందేహానికి తావిస్తుంది. "నేను" బదులు "మేము" అన్నా చెల్లదని 2020లో రోము స్పష్టం చేసింది. బిడ్డ కోలుకుంటే గుడిలో మిగతా క్రమం జరిపించి, రిజిస్టరులో రాయించాలి. నీళ్ళు మళ్ళీ పోయరు.

నేను వేరే చర్చిలో బాప్తిస్మం తీసుకున్నాను. కథోలికుణ్ణి కావాలంటే మళ్ళీ తీసుకోవాలా?

నీళ్ళతో, త్రిత్వ నామంలో జరిగి ఉంటే అక్కర్లేదు. సీఎస్‌ఐ, లూథరన్, బాప్టిస్టు సభల బాప్తిస్మం సాధారణంగా ఈ కోవలోదే. ముంచారా, పోశారా అన్నది సమస్య కాదు. "యేసు నామంలో" మాత్రమే ఇచ్చే సంఘాల బాప్తిస్మం చెల్లదు, వారికి జ్ఞానస్నానం ఇస్తారు. ఏ మాటలు పలికారో ఆ పాస్టరు గారి దగ్గర రాతపూర్వకంగా తెచ్చుకుంటే పని సులువవుతుంది. చిన్నప్పుడు కథోలిక జ్ఞానస్నానం పొంది, తరవాత మరో సంఘంలో నీళ్ళలో మునిగినవారు తిరిగి రావాలంటే పాపసంకీర్తనంతో మొదలుపెట్టాలి; మొదటి జ్ఞానస్నానం ఎక్కడికీ పోలేదు.

పాపసంకీర్తనం చేసి చాలా ఏళ్ళయింది. ఎలా మొదలుపెట్టాలి?

"ఇన్నేళ్ళయింది, ఎలా చెప్పాలో మరిచిపోయాను" అని చెప్పడమే మొదలు. గురువు నడిపిస్తారు.

ముందు రోజు రాత్రి పది ఆజ్ఞలను ఒక్కొక్కటిగా తలుచుకుని ఆత్మశోధన చేసుకోండి. చావైన పాపానికి మూడు గుర్తులు: విషయం పెద్దది, అది పెద్దదని తెలుసు, తెలిసి ఇష్టపడి చేశారు. మూడూ ఉంటే ఆ పాపం ఏమిటో, ఇంచుమించు ఎన్నిసార్లో చెప్పాలి. అల్ప పాపాలు చెప్పడం మంచిది, తప్పనిసరి కాదు. చెప్పాక గురువు ప్రాయశ్చిత్తం విధిస్తారు, మీరు ఉత్తమ మనస్తాప జపం (పశ్చాత్తాప ప్రార్థన) చెబుతారు, ఆయన పాపవిమోచనం పలుకుతారు. విధించినది వీలైనంత త్వరగా, ఆ రోజే చేయండి.

తరచూ జరిగే పొరపాట్లు: కోడలి తప్పులు, మొగుడి తప్పులు చెప్పడం, "అందరూ చేసేవే చేశాను" అని ముగించడం, సిగ్గుపడి ఒక పెద్ద పాపం దాచడం. తెలిసి దాస్తే ఆ సంకీర్తనమే చెల్లదు. మరిచిపోయినది క్షమించబడింది, గుర్తొచ్చినప్పుడు తరవాతిసారి చెప్పాలి. దొంగిలించిన సొమ్ము తిరిగివ్వకుండా జపాలతో సరిపెట్టుకోవడానికి లేదు.

గురువు ఈ రహస్యాన్ని పోలీసులకు, కోర్టుకు, మీ ఇంట్లోవారికి ఎవరికీ చెప్పరు. నేరుగా బయటపెట్టిన గురువు ఆ క్షణమే శ్రీసభ నుంచి వెలి అవుతారు. ఆ వెలిని తొలగించే అధికారం రోముదే.

మేనరికం పెళ్ళికి శ్రీసభ ఒప్పుకుంటుందా?

ముందుగా మినహాయింపు తీసుకోకపోతే ఆ పెళ్ళి చెల్లదు. లెక్క ఇలా: అబ్బాయి నుంచి అమ్మాయి వరకు వంశవృక్షంలో మనుషులను లెక్కపెట్టి, ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న పూర్వీకులను వదిలేయాలి. మేనమామ కూతురి విషయంలో అబ్బాయి, అతని తల్లి, మేనమామ, అతని కూతురు: నాలుగు. మేనమామ, మేనకోడలు అయితే మూడు. నాలుగో మెట్టు వరకూ అడ్డంకే. నాలుగో మెట్టుకు తగిన కారణాలుంటే పీఠాధిపతి మినహాయింపు ఇవ్వవచ్చు. మూడో మెట్టుకు చట్టం తలుపు పూర్తిగా మూయలేదు గానీ దొరకడం చాలా కష్టం. తోబుట్టువులకు ఎన్నటికీ లేదు. తాతల తరంలో తోబుట్టువులైనవారి మనవలకు ఈ అడ్డంకి లేదు. భార్య చనిపోయాక ఆమె చెల్లెల్ని చేసుకోవడం 1983 నాటి చట్టం ప్రకారం అడ్డంకి కాదు.

వరస కలుస్తుందని సంబంధం ఖాయం చేసి, పత్రికలు అచ్చువేసి, అప్పుడు విచారణ గురువు దగ్గరికి వెళ్ళడం వల్లే ఇబ్బందులన్నీ. నిశ్చితార్థానికి ముందే వెళ్ళండి.

పెళ్ళికి ఇంకా ఏమేం కావాలి? వేరే మతంవారితో కుదురుతుందా?

ఆరు నెలల లోపు కొత్తగా తీసుకున్న జ్ఞానస్నాన పత్రం, వివాహ తయారీ తరగతుల పత్రం, ఇద్దరి విచారణల్లో మూడు ఆదివారాల ప్రకటనలు. చట్టప్రకారం అబ్బాయికి 21, అమ్మాయికి 18. మూడు నెలల ముందు మొదలుపెడితే తొందరపాటు ఉండదు. మంగళసూత్రం ఆశీర్వదించి కట్టడం మన అందమైన ఆచారం. పెళ్ళిని పెళ్ళి చేసేది మాత్రం గురువు, ఇద్దరు సాక్షుల ఎదుట వధూవరులు నోరారా చెప్పే సమ్మతి. ఎవరి బలవంతం మీదనో చెప్పిన సమ్మతితో పెళ్ళి జరగదు.

ఇతర క్రైస్తవులతో అయితే పీఠాధిపతి అనుమతి, జ్ఞానస్నానం లేనివారితో అయితే మినహాయింపు కావాలి. కథోలిక వ్యక్తి తన విశ్వాసం విడువనని, పిల్లలను కథోలికులుగా పెంచడానికి శక్తిమేరకు ప్రయత్నిస్తానని మాట ఇవ్వాలి. ఆ సంగతి ఎదుటివారికి తెలియాలి. వారు మతం మారాలన్న షరతు లేదు.

విడాకులు తీసుకున్నవారు దివ్యసత్ప్రసాదం తీసుకోవచ్చా?

విడాకులు తీసుకుని ఒంటరిగా ఉన్నవారికి ఆ ఒక్క కారణంతో అడ్డు లేదు. ఈ విషయం తెలియక ఏళ్ళ తరబడి వెనక వరసలో కూర్చుండిపోయేవారున్నారు, వారికి ఎవరైనా చెప్పాలి. మళ్ళీ పెళ్ళి చేసుకోవాలంటే, మొదటిది ఆదినుంచే చెల్లలేదని మేత్రాసన న్యాయస్థానం తీర్పు ఇవ్వాలి. 2015లో ఫ్రాన్సిస్ పోపు చేసిన మార్పుతో ఒక్క తీర్పు చాలు. అంతకు ముందు రెండు న్యాయస్థానాలు ఒప్పుకోవాల్సి వచ్చేది.

వ్యాధిగ్రస్తుల అభ్యంగనం అంటే ఇక చావేనా?

ఈ భయమే ఎంతోమందిని ఆ సంస్కారానికి దూరం చేస్తోంది. పెద్ద ఆపరేషనుకు ముందు, ప్రమాదకరమైన జబ్బు మొదలైనప్పుడు, ముసలితనంతో బాగా బలహీనపడ్డప్పుడు తీసుకోవచ్చు, జబ్బు ముదిరితే మళ్ళీ తీసుకోవచ్చు. గురువు నుదుట, అరచేతుల్లో తైలం రాస్తారు. ఐసీయూలో స్పృహ తప్పాక పిలిస్తే రోగి పాపసంకీర్తనం చేయలేరు, సత్ప్రసాదం మింగలేరు. మాట ఉండగానే పిలవండి. చనిపోయాక ఈ సంస్కారం ఇవ్వరు, ప్రార్థనలే చేస్తారు.

తపస్కాలంలో ఏ రోజులు ఉపవాసం? చేపలు తినవచ్చా?

మార్చి 21న గానీ ఆ తరవాత గానీ వచ్చే పున్నమి దాటాక మొదటి ఆదివారం పునరుత్థాన పండుగ (ఈస్టర్). దానికి 46 రోజుల ముందు విభూతి బుధవారం. మధ్యలోని ఆరు ఆదివారాలు తీసేస్తే నలభై రోజుల తపస్కాలం. తప్పనిసరి ఉపవాసం విభూతి బుధవారం, శుభ శుక్రవారం మాత్రమే: 18 నిండినవారి నుంచి 59 నిండేవరకు, ఒక పూట కడుపునిండా, మరో రెండు పూటలు కలిపినా ఆ భోజనమంత కాకుండా. 14 ఏళ్ళు నిండినవారు ఆ రెండు రోజులూ, తపస్కాలపు శుక్రవారాలూ మాంసం మానాలి. కోడి కూడా మాంసమే. చేపలు, రొయ్యలు, గుడ్లు, పాలు నిషేధం కాదు, అయితే ఆ రోజు పులస పులుసు వండుకుంటే నియమం నిలుస్తుంది, తపస్సు పోతుంది. గర్భిణులు, బాలింతలు, షుగరు ఉన్నవారు ఉపవాసం ఉండనక్కర్లేదు.

శుభ శుక్రవారం ప్రపంచంలో ఎక్కడా పూజ ఉండదు. క్రీస్తు శ్రమల పఠనం, సిలువ ఆరాధన, ముందురోజు దాచిన సత్ప్రసాద స్వీకారం ఉంటాయి.

దహనం చేయవచ్చా?

1963 నుంచి అనుమతి ఉంది, పాతిపెట్టడమే శ్రీసభకు ఇష్టం. బూడిదను నదిలో కలపడం, చల్లడం, ఇంట్లో ఉంచడం కూడదని 2016లో రోము ఆదేశించింది. గోదావరిలో, కృష్ణలో కలపాలని బంధువులు పట్టుబట్టే ఇళ్ళలో ముందే మాట్లాడుకోవాలి. అస్థికలను సమాధిలో ఉంచాలి.

పోపు ఏది చెప్పినా తప్పుండదని నమ్మాలా?

లేదు. విశ్వాసం, నీతి విషయాల్లో, సకల శ్రీసభనూ కట్టడి చేసేలా, తన పదవి పూర్తి అధికారంతో ప్రకటించినప్పుడే. 1870లో ఖరారైన ఈ బోధ ప్రకారం అప్పటినుంచి వెలువడిన ప్రకటన ఒక్కటే, 1950 నాటి మరియమాత మోక్షారోపణం. ఇప్పటి పోపు, 2025 మే 8న ఎన్నికైన పద్నాలుగవ లియో.

తెలుగు నేలకు ఈ విశ్వాసం ఎప్పుడు వచ్చింది?

అపొస్తలుడైన తోమా 52లో కేరళ తీరానికి వచ్చాడన్నది భారత క్రైస్తవుల సంప్రదాయం. తెలుగువారిలో స్థిరమైన సంఘాలు 18వ శతాబ్దపు తొలి ఏళ్ళలో ఏర్పడ్డాయి. ఫ్రెంచి యేసుసభ (జెస్యూట్) గురువులు సన్యాసి వేషంలో, శాకాహారులై, పుంగనూరు నుంచి అనంతపురం వైపు కృష్ణాపురం వరకు పనిచేశారు. 1773లో పోపు యేసుసభను రద్దు చేయడంతో సంఘాలు గురువులు లేక చిక్కిపోయాయి. 19వ శతాబ్దంలో ఇటలీలోని మిలాను మిషనరీలు హైదరాబాదు, బెజవాడ ప్రాంతాల్లో, ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు విశాఖ వైపు మళ్ళీ నిలబెట్టారు. గుణదల మాత ఉత్సవం ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో. ఫ్రాన్సులోని లూర్దులో 1858 ఫిబ్రవరి 11న బెర్నదెత్తకు కలిగిన దర్శనాన్ని బట్టి ఆ తేదీ. హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోని 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో మొదటివారు, దళితుల్లోంచి ప్రపంచంలోనే మొదటివారు. కులాన్ని బట్టి బల్లలు, సమాధులు వేరు చేసే అలవాటు ఏ ఊళ్ళో మిగిలి ఉన్నా, అది ఒకే పాత్రలోంచి పంచుకునే విశ్వాసానికి విరుద్ధం.

పెద్దవాళ్ళు కథోలికులు కావాలంటే?

విచారణ గురువును కలవండి. ఉపదేశం చాలాచోట్ల ఏడాది వరకు సాగుతుంది. పాస్కా జాగరణ రాత్రి జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం మూడూ ఒకేసారి ఇస్తారు. డబ్బు, ఉద్యోగం, బడి సీటు కోసం వచ్చేవారికి జ్ఞానస్నానం ఇవ్వకూడదు.

ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా ఉండదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వారిని బీసీ-సి కింద లెక్కిస్తారు. ఎస్టీ హోదాకు మతంతో ముడి లేదు. పాత ఎస్సీ పత్రం వాడుకుంటూ జ్ఞానస్నానం దాచడం చట్టరీత్యా ప్రమాదం, అందుకే నిర్ణయానికి ముందే కుటుంబంతో మాట్లాడుకోండి.

ఊరు విడిచి వచ్చేశాం. మా పత్రాలు ఎక్కడ దొరుకుతాయి?

జ్ఞానస్నానం జరిగిన విచారణలోనే. భద్రమైన అభ్యంగనం, వివాహం, గురుపట్టం ఎక్కడ జరిగినా ఆ వివరం మీ జ్ఞానస్నాన రిజిస్టరులో మీ పేరు పక్కన రాస్తారు, అందుకే పెళ్ళికి కొత్త పత్రమే అడుగుతారు. హైదరాబాదులో ఉన్నా, గల్ఫులో, అమెరికాలో ఉన్నా ఆ విచారణకే రాయాలి. పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఇంచుమించు సంవత్సరం, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు ఇస్తే వెతకడం తేలిక. ఆధార్‌లో ఒక పేరు, రిజిస్టరులో పునీతుల పేరు ఉండటం మామూలే, రెండూ రాయండి. పాత ఊరి గుడి అప్పట్లో మరో విచారణకు ఉపకేంద్రమై ఉంటే పుస్తకం ఆ పెద్ద గుడిలో ఉంటుంది. అక్కడా లేకపోతే మేత్రాసన కార్యాలయంలో అడగండి. రిజిస్టరు చెదలు పట్టి పోయినా, ఆ రోజు అక్కడున్న నమ్మకమైన సాక్షి ఒక్కరు చెప్పినా, పెద్దయ్యాక జ్ఞానస్నానం పొందినవారు తామే ప్రమాణం చేసినా, ఇంకెవరికీ హాని లేనప్పుడు అది చాలు.